పొడపత్రి కాలస్ నల్లబడటం ఎలా ఆగింది: నా అనుభవం

పొడపత్రి అనే ఔషధ తీగ ఆకు ముక్కల నుంచి కాలస్ (ఇంకా ఏ అవయవంగానూ మారని కణాల ముద్ద) పెంచాలనుకున్నాను. ముక్కలను మీడియంపై (అగార్‌తో గడ్డకట్టించిన పోషకాల జెల్లీ) పెట్టిన మూడో రోజుకే అంచులు నల్లబడి, చుట్టూ అగార్ టీ డికాక్షన్ రంగుకు తిరిగేది. లేత ఆకులు వాడాను, స్టెరిలైజేషన్ సమయం తగ్గించాను, బొగ్గుపొడి కలిపాను. ఆ బొగ్గు నలుపుతోపాటు మీడియంలో కలిపిన పెరుగుదల హార్మోన్లనూ పీల్చేసుకుంటుంది!

చివరికి, గాలి తగిలి ముక్కలు నల్లబడకుండా, లీటరు నీటికి 100 మి.గ్రా. ఆస్కార్బిక్ ఆమ్లం, 150 మి.గ్రా. సిట్రిక్ ఆమ్లం కలిపి, ఫిల్టర్‌తో శుద్ధి చేశాను. ఒత్తిడి ఆవిరితో శుద్ధి చేసే ఆటోక్లేవ్ వాడలేదు, ఆ వేడికి ఆస్కార్బిక్ ఆమ్లం చెడిపోతుంది. ఆకును గాలిలో కాకుండా ఆ ద్రావణంలో ముంచే కోసి, అరగంట అందులోనే వదిలేశాను. తర్వాత రెండు వారాలు చీకట్లో ఉంచాను. మొదటి వారం రెండు రోజులకోసారి కొత్త మీడియంకు మార్చాను, విసుగు పుట్టినా. ఇరవయ్యో రోజుకు తడిపిన అటుకుల్లా పొడిపొడిగా, లేత పసుపు కాలస్ వచ్చింది.

మేలు చేసింది చీకటో, ముంచి కోయడమో విడిగా చూడలేదు. సర్పగంధి అనే మరో ఔషధ మొక్కకు ఇదే చేస్తే సగం ముక్కలు నల్లబడ్డాయి. పొడపత్రి ఔషధ గుణానికి మూలమైన జిమ్నెమిక్ ఆమ్లాలు ఈ కాలస్‌లో ఎంత ఉన్నాయో ఇంకా కొలవాలి.