పొగమంచు ఉదయాల్లో పీఎం 2.5 రీడింగు అమాంతం పెరిగితే: నా అనుభవం

హైదరాబాద్‌లోని మా విశ్వవిద్యాలయ ప్రాంగణంలో పీఎం 2.5ను (గాలిలోని 2.5 మైక్రాన్లు, అంతకంటే చిన్న కణాలను) కొలవడానికి బిగించిన పీఎంఎస్ 5003 సెన్సర్లు, పొగమంచు పట్టిన చలికాలపు ఉదయాల్లో, దగ్గరలోని ప్రభుత్వ పర్యవేక్షణ కేంద్రం కంటే దాదాపు రెట్టింపు విలువ చూపేవి. ఎండెక్కాక రెండూ దగ్గరపడేవి. సెన్సర్ మార్చినా, ఫ్యాన్ శుభ్రం చేసినా, పవర్ సప్లై మార్చినా ఫలితం లేకపోయింది.

ఈ సెన్సర్ కణాలను తూచదు, అవి చెదరగొట్టే లేజర్ కాంతిని కొలుస్తుంది. అందువల్ల తేమ పీల్చి ఉబ్బిన కణం దానికి ఎక్కువ కాలుష్యంగానే కనిపిస్తుంది.

ముందుగా, వీటితోపాటు ఒకే పెట్టెలో ఉన్న బీఎంఈ 280 తేమ సెన్సర్‌ను బయటికి తీసి, నీడపట్టున గాలాడే చోట బిగించాను. బోర్డు వేడికి పెట్టె లోపల తేమ తక్కువగా నమోదవుతుంది కాబట్టి, అన్నిటికంటే ముఖ్యమైన మార్పు ఇదేనని నా అభిప్రాయం. తరువాత పీఎంఎస్ సెన్సర్ ఇచ్చే రెండు రకాల విలువల్లో ‘సీఎఫ్ 1’ను (ప్రామాణిక కణాల ఆధారంగా లెక్కించే విలువను) మాత్రమే తీసుకున్నాను. ఆపైన అనుమతితో ఒక సెన్సర్‌ను ఆ కేంద్రం పక్కనే కొన్ని వారాలు ఉంచి, గంట సగటులను పోల్చాను. ఇలాంటి సెన్సర్ల విలువలను సరిదిద్దడానికి అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ వాడిన సూత్రం (0.524 × సీఎఫ్ 1 విలువ − 0.0862 × తేమ శాతం + 5.75) రూపాన్ని ఉంచుకొని, గుణకాలను (అందులోని అంకెలను) మా డేటాతో మళ్లీ లెక్కించాను; ఎందుకంటే ఆ సంస్థ అంకెలు పెట్టె లోపల కొలిచిన తేమకు సరిపోయేవి, మాకు యథాతథంగా పనికిరావు.

ఇప్పుడు ఉదయపు విలువలు కేంద్రం విలువలకు దగ్గరగా ఉంటున్నాయి. మన దేశపు 24 గంటల ప్రమాణమైన ఘనపు మీటరుకు 60 మైక్రోగ్రాముల చుట్టూ తిరిగే రోజుల్లో, పొద్దున్నే మైదానంలో పరిగెత్తే విద్యార్థులకు ఈ తేడా చాలా ముఖ్యం. అయితే మా గుణకాలు మరో ఊరికి సరిపోతాయని చెప్పలేను; తేమ 90 శాతం దాటిన గంటలను, దుమ్ము రేగే వేసవి రోజులను నేనూ ఇంకా నమ్మడం లేదు.