పిల్లాడు కేకలేస్తున్నప్పుడు కాదు, దానికి ముందు గంటలో ఏం చెయ్యాలి

వైజాగ్‌లో స్పెషల్ ఎడ్యుకేటర్‌గా చేస్తున్నాను, అంటే ఆటిజం లాంటి ఇబ్బందులున్న పిల్లలకి నేర్పే టీచర్‌ని. భవిత సెంటర్లలో (ఇలాంటి పిల్లల కోసం గవర్నమెంట్ నడిపేవి), ప్రైవేట్ స్కూళ్ళలో కొత్తగా చేరిన టీచర్లు నన్ను మొదట అడిగేది ఒకటే, అక్కా వాడు అరుస్తున్నాడు ఇప్పుడేం చెయ్యాలి అని. ఆ టైమ్‌లో చెయ్యడానికి పెద్దగా ఏం ఉండదమ్మా, మాటలు తగ్గించు, మిగతా పిల్లల్ని పక్కకి పంపు, దెబ్బ తగిలే వస్తువులు తీసెయ్, కొంచెం దూరంలో నేలమీద కూర్చో, అంతే. వాడు తగ్గాక మంచినీళ్ళివ్వు, క్లాసు పీకకు.

అసలు పని ముందే ఉంటుంది. ఒక లాంగ్ నోట్‌బుక్ పెట్టి మూడు గడులు గియ్యండి, గొడవకి ముందు ఏం జరిగింది, పిల్లాడు ఏం చేశాడు, తర్వాత మనం ఏం చేశాం. రెండు వారాలు బద్ధకించకుండా రాస్తే మీకే తెలుస్తుంది. మా దగ్గర ఒక బాబు రోజూ పదకొండున్నరకి చెవులు మూసుకుని ఏడ్చేవాడు, వాడికి లెక్కలంటే పడదని మేమే తీర్పు చెప్పేశాం, తీరా నోట్‌బుక్ చూస్తే ఆ టైమ్‌కి పక్కన మధ్యాహ్న భోజనం వంట, గిన్నెల చప్పుడు, తాలింపు ఘాటు. ఆ గంట చెట్టుకింద కూర్చోబెడితే లెక్కలు బానే చేశాడు!

పేచీకీ మెల్ట్‌డౌన్‌కీ (చప్పుడో, ఘాటో, ఒత్తిడో తట్టుకోలేక పిల్లాడు అదుపు తప్పడం) తేడా కూడా ఈ నోట్‌బుక్‌లోనే తెలుస్తుంది. పేచీ పెట్టే పిల్లాడు చాలావరకు మనం చూస్తున్నామా లేదా అని ఓ కంట కనిపెడుతుంటాడు, అడిగింది చేతిలో పెడితే ఆగుతాడు, మెల్ట్‌డౌన్‌లో మాత్రం అడిగింది ఇచ్చినా ఆగదు, అది వాడి చేతిలో లేదు. దాన్ని మొండితనం అని కొట్టడం అంత అన్యాయం ఇంకోటి లేదు.

ఇంకో పని, ఆ రోజంతా ఎలా గడుస్తుందో పిల్లాడికి ఫొటోలతో చూపించండి. నెట్‌లో దొరికే బొమ్మలకన్నా వాడి బ్యాగు, వాడి కంచం, వాడెక్కే ఆటో ఫోన్‌లో తీసి ప్రింట్ వేయించి వరసగా అంటించండి, ఒక్కో పని అయ్యాక పీకి డబ్బాలో వేస్తాడు. చివర్లో ఆటో ఫొటో తప్పకుండా ఉండాలి, ఎందుకంటే సగం మంది పిల్లల గుండెల్లో ఉండే బెంగ ఇంటికెప్పుడు వెళ్తాను అనేదే.

నేను చేసిన తప్పు ఒకటి చెప్తాను. మాటలు రాని పిల్లలు నోటితో చెప్పే బదులు చూపించే కార్డులుంటాయి, మొదట్లో నీళ్ళు, బిస్కెట్, బాత్రూమ్ ఇలా అడిగే కార్డులే నేర్పాను, 'వద్దు' కార్డు నేర్పలేదు, నేర్పితే పని చెయ్యరేమో అని భయం. అలా ఒక పిల్లాడు వద్దు అని చెప్పే దారిలేక చెయ్యి కొరుక్కునేవాడు. ఇప్పుడు మొదటి వారంలోనే నేర్పుతాను, మొదట్లో వాడు చూపించిన ప్రతిసారీ ఆపేస్తాను కూడా, మన పని ఆగినా సరే.

మన ఊళ్ళో ఇంకో సంగతుంది, నేవీ విమానాలు. డిసెంబర్ 4 నేవీ డే విన్యాసాలు ఆర్కే బీచ్‌లో జరిగిన ఏడాది అంతకు ముందు నుంచే రిహార్సల్స్ చప్పుడు, ఊరంతా బీచ్‌కి పరిగెడుతుంటే మన పిల్లలు బల్లకింద దూరతారు. ముందు నుంచే ఆ విన్యాసాల వీడియో సౌండ్ బాగా తగ్గించి రోజూ కాసేపు చూపించండి, చప్పుడు తగ్గించే హెడ్‌ఫోన్ చెవులకి పెట్టుకోవడం అలవాటు చెయ్యండి. ఇష్టం లేని పిల్లల్ని తీసుకెళ్ళొద్దని ఇంట్లోవాళ్ళకి గట్టిగా చెప్పండి.

మాటలొచ్చే పిల్లల సంగతి వేరు. చదవడంలో ఇబ్బందున్న పిల్ల 'నేను మొద్దుని కదా మేడం' అంటే కాదులే అని ఊరుకోకండి, అందరిముందు పైకి చదివించడం ఆపండి ముందు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఉన్న 21 రకాల వైకల్యాల్లో ఈ చదివే ఇబ్బంది కూడా ఒకటి, పైకి కనపడదు అంతే. ఇంకోటి, ఏ పిల్లయినా సరిగ్గా తినక, పడుకోక, ఇష్టమైన ఆట కూడా మానేస్తే 'దానికి ఆటిజం కదా, అంతేలే' అనొద్దు, దిగులు ఈ పిల్లలకీ వస్తుంది. డాక్టర్‌కి చూపించమనండి, వాల్తేరులో గవర్నమెంట్ మానసిక ఆసుపత్రి ఉంది, అక్కడికి వెళ్తే జనం ఏమనుకుంటారో అని ఆగిపోయేవాళ్ళకి టెలీ మానస్ 14416 ఇవ్వండి, అది గవర్నమెంట్ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, ఫ్రీ, తెలుగులోనే మాట్లాడొచ్చు.

ఇక గేటు దగ్గర అమ్మలు. 'ఏటి మేడం, మావోడికి మాటలెప్పుడొస్తాయి' అని రోజూ అడుగుతారు, విసుక్కోకండి, కంప్లైంట్ చెప్పేముందు వాడు ఆరోజు చేసిన ఒక మంచి పని చెప్పండి. గాజువాక నుంచి రెండు బస్సులు మారి వచ్చే ఒకావిడ ఓరోజు నేను నోరు తెరవకముందే నవ్వుతా చెప్పింది, 'నిన్న రాత్రి 'వద్దు' కార్డు నాకే చూపించాడు మేడం, కాకరకాయ కూరకి.'