కోసిన పీఎఫ్ కట్టినారో లేదో ఇట్లా చూసుకో

రేణిగుంట ఫ్యాక్టరీలో చేరినావంట కదా పాపా! ఇట్లాంటి చోట్ల జీతాల లెక్కలు రాసినదాన్ని, చెప్తా విను. ముందు యూఏఎన్, అంటే నీ పీఎఫ్ నంబరు, అడిగి తీసుకో. ఉమంగ్ అనే సర్కారు యాప్‌లో పీఎఫ్ పాస్‌బుక్ తెరువు. బేసిక్, డీఏ (కరువు భత్యం) మీద 12 శాతం నీది, అంతే యజమానిది. ఆయన వాటాలో కొంత పెన్షన్‌కు పోతుంది, తక్కువ కనబడితే కంగారుపడొద్దు. ఈ నెలది వచ్చే నెల 15 లోపల కట్టాల.

పే స్లిప్‌లో కోత ఉండి, పాస్‌బుక్‌లో లేదా? నాలుగు రోజులు ఆగు, ఎక్కడం ఆలస్యమవుతుంది. అప్పటికీ రాకుంటే హెచ్ఆర్‌కు మెయిల్ పెట్టు. నోటిమాట వద్దు, టీ తాగేలోపల మర్చిపోతారు. కదలకుంటే పీఎఫ్ వాళ్ల ఫిర్యాదుల వెబ్‌సైటు ఈపీఎఫ్ఐజీఎంఎస్‌లో ఫిర్యాదు చెయ్. మేనేజరు మొహం మాడ్చుకుంటాడు, మాడ్చుకోనీ. నీ డబ్బే కదా!

నెల జీతం 21,000 లోపలైతే వైద్యానికి పనికొచ్చే ఈఎస్ఐ కార్డు కూడా అడుగు. నీకు కోసేది 0.75 శాతమే.