గుర్తు లేని వెండి టంకం ఏ రకమో తెలుసుకోవడం ఎలా?

ఇంట్లో వెండి పని చేసుకునేవారి డబ్బాలో పేరు చెరిగిపోయిన టంకపు తీగలు, రేకు ముక్కలు పోగుపడటం మామూలే. ఎక్కువ వేడికి కరిగే హార్డ్, అంతకన్నా తక్కువకు కరిగే మీడియం, అన్నిటికన్నా ముందు కరిగే ఈజీ, ఈ మూడు రకాలూ చూపుకు దాదాపు ఒకే తెలుపులో ఉంటాయి. వెండి శాతం తెలియకపోయినా పని ఆగదు గానీ, ఏది ముందు కరుగుతుందో తెలియకపోతే రెండో అతుకు వేసేటప్పుడు మొదటిది ఊడిపోతుంది.

మంట వెలిగించకముందే ముక్కలో కాడ్మియం కలిసి ఉందో లేదో తేల్చుకోవాలి. కేడీఎం నగల అతుకుల్లో వాడిన లోహం ఇదే. 767 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరిగే కాడ్మియం టంకం వేసే వేడికే పొగై ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది, ప్రాణం కూడా తీయగలదు. దీనిని కంటితో పట్టుకోలేము కాబట్టి, ఎక్కడిదో తెలియని పాత సరుకును బంగారం నాణ్యత చూసే దుకాణంలోని ఎక్స్‌రే యంత్రం మీద పెట్టించాలి. వెండి శాతం కూడా అక్కడే తెలుస్తుంది. ఆ వీలు లేకపోతే ఆ ముక్కను వాడకపోవడమే మేలు. దాని ఖరీదు ఎంతని!

తరువాత తగరపు టంకాన్ని ఏరివేయాలి. ఎలక్ట్రానిక్స్ పనికి వచ్చే ఒక రకంలో మూడున్నర శాతం వెండి ఉంటుంది, అది 221 డిగ్రీలకే కరుగుతుంది. 350 డిగ్రీల సోల్డరింగ్ ఐరన్ మొన ఆనించగానే కరిగితే అది నగల పనికి రాదు. తగరం అంటిన వెండిని ఎర్రగా కాలిస్తే అక్కడ గుంటలు పడతాయి. ఆకురాయితో గీసినప్పుడు లోపల రాగి రంగు కనిపిస్తే, అది ఏసీ మెకానిక్‌లు రాగి గొట్టాలకు వాడే ఫాస్ఫరస్ కడ్డీ కావచ్చు, దానినీ పక్కన పెట్టాలి.

మిగిలినవాటిని కరిగే వరుసతో పోల్చాలి. రకం తెలిసిన హార్డ్, మీడియం, ఈజీ ముక్కలను, తెలియని ముక్కను మిల్లీమీటరు సైజులో కత్తిరించి, శుభ్రంగా తోమిన రాగి రేకు మీద మధ్య బిందువుకు సమదూరంలో, వెలిగారం ముద్దలో కూర్చాలి. కళ్లద్దాలు పెట్టుకుని, గాలి ఆడే చోట, మంటను రేకు కింది నుంచి మాత్రమే మధ్యకు చూపాలి. మొదట వెలిగారం పేలాల్లా పొంగి ముక్కలను పక్కకు నెడుతుంది. అప్పుడు మంట తగ్గించి, పట్టకారుతో వాటిని సర్దాలి. పొంగు అణిగి వెలిగారం గాజులా మారిన తరువాత ముక్కల అంచులు గుండ్రబడతాయి, ఆపై ఒక్కసారిగా తళుక్కుమని రేకు మీద పరుచుకుంటాయి. ఆ తళుకు ఏ వరుసలో వచ్చిందో రాసుకోవాలి. తయారీని బట్టి మారినా, ఈజీ సుమారు 720 డిగ్రీల దగ్గర, హార్డ్ 780కి దగ్గరలో పారుతుంది. ఒకసారి కరిగిన ముక్కలో జింకు కొంత ఆవిరై, మళ్లీ కరగడానికి ఎక్కువ వేడి అడుగుతుంది గనుక, కొత్త ముక్కలతో, స్థానాలు మార్చి ఇంకోసారి చూడాలి.

రెండుసార్లూ ఒకే ఫలితం వస్తే తీగ చివరను అప్పుడే వంచి పెట్టుకోవాలి: హార్డ్‌కు నిటారుగా, మీడియంకు కొక్కెంలా, ఈజీకి చుట్టగా. ఫలితం మారితే దానిని చివరి అతుక్కే వాడాలి, అదీ పక్క అతుకులన్నీ హార్డ్‌తో వేసి ఉంటేనే.