సర్జరీ తర్వాత మొదటి ఎండాకాలం: నీరసాన్ని ఎండ మీదికి నెట్టేయకండి

మార్చి వచ్చిందంటే మా ఇంట్లో అందరి నోటా ఒకే మాట: "ఎండలు ముదురుతున్నాయి కదా, నీరసంగానే ఉంటుంది." పోయినేడాది నేనూ అదే అనుకున్నాను. అంతకుముందు నవంబరులో నాకు బరువు తగ్గడానికి పొట్టని చిన్నది చేసే స్లీవ్ సర్జరీ అయింది. ఫిబ్రవరి దాకా హుషారుగానే ఉన్నాను. సంక్రాంతికి పాత పట్టుచీరల జాకెట్లకి లోపలికి కుట్లు వేయించుకుని మురిసిపోయాను కూడా. ఉగాది దాటాక మొదలైంది. రెండో అంతస్తుకి మెట్లెక్కితే గుండె దడ. మధ్యాహ్నం రెండయ్యేసరికి ఆఫీసు కుర్చీలోనే కళ్లు మూతపడిపోవడం. దువ్వెన పెడితే గుప్పెడు జుట్టు. వీటికి తోడు ఇంకో వింత, ఫ్రిజ్‌లో ఐస్ ట్రే ఖాళీ చేసేయడం. నీళ్లలో వేసుకోవడానికి కాదు, కరకరా నమలడానికి. వేడికి అలా అనిపిస్తోందేమోనని మా అత్తగారు పాపం నాకోసం ఇంకో ట్రే కొనిపెట్టారు.

ఏప్రిల్ చివర్లో రక్తపరీక్ష చేయిస్తే ఫెరిటిన్ 9 వచ్చింది. ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పే లెక్క అది. 30 కంటే తగ్గితేనే లోపం కింద చూస్తారు. ఐస్ నమలాలనిపించడం కూడా ఐరన్ లోపానికి గుర్తేనని డాక్టర్ చెప్పారు. మనవైపు కొందరు ఆడవాళ్లు బియ్యం బొక్కుతారే, బలపాలు కొరుకుతారే, అదే కోవ.

సర్జరీ అయినవాళ్లకి ఎండాకాలంతో వచ్చే అసలు చిక్కు ఇదే. ఒంట్లో ఏ లోపమున్నా నెపం ఎండ మీదికి పోతుంది. మే నెల గడిచేలోగా లోపం బాగా ముదిరిపోతుంది. అందుకే ఈ జాగ్రత్తలు శివరాత్రి నాటికే మొదలుపెట్టమంటాను. నేను డాక్టర్ని కాను. ఇక్కడ రాసే మోతాదులు సాధారణంగా సూచించేవి, మీకు ఎంతన్నది మీ సర్జన్, డైటీషియన్ చెప్పాల్సిందే.

ముందు నీరసం సంగతి. సర్జరీ అయిన మొదటి కొన్ని వారాలు తినేదే చాలా తక్కువ కాబట్టి అలసట సహజం. రెండు మూడు నెలలకి అది తగ్గుతూ రావాలి. ఒకసారి తగ్గిన నీరసం మళ్లీ వచ్చిందంటే అనుమానించాలి. నా కొండగుర్తు ఒకటుంది: ఎండ వల్ల వచ్చిన నీరసమైతే నీళ్లు తాగి, చల్లగా ఉన్నచోట ఓ రాత్రి నిద్రపోతే తేరుకుంటాం. పొద్దున్న లేచేసరికే కాళ్లు లాగుతూ, వారం తర్వాత కూడా అలాగే ఉంటే అది ఎండ కాదు. అరికాళ్లలో తిమ్మిర్లు, నాలుక మంట, నోటి మూలల్లో పగుళ్లు తోడైతే ఇక ఆలోచించక్కర్లేదు, ల్యాబ్‌కి వెళ్లడమే. జుట్టు మాత్రం మూడో నెల నుంచి ఆరో నెల దాకా చాలామందికి రాలుతుంది, బరువు త్వరగా తగ్గడం వల్ల. దానికి బెంబేలెత్తనవసరం లేదు. ఏడాదయినా ఆగకపోతే చూపించుకోవాలి.

ఎందుకిలా అంటే, స్లీవ్‌లో పొట్టలో ముప్పావు వంతు, అంతకంటే ఎక్కువే తీసేస్తారు. దాంతో ఆమ్లం తగ్గుతుంది, బీ12 ఒంటబట్టడానికి కావలసిన పదార్థాన్ని తయారుచేసే కణాలూ తగ్గిపోతాయి. బరువు తగ్గడానికే చేసే ఇంకో రకం సర్జరీ గ్యాస్ట్రిక్ బైపాస్. అందులో పొట్టలో సుమారు 30 మిల్లీలీటర్ల సంచి మాత్రమే వాడకంలో ఉంచి, చిన్నపేగు మొదటి భాగాన్ని దాటించి ఆహారాన్ని పంపిస్తారు. ఐరన్, కాల్షియం ఎక్కువగా ఒంటబట్టేది ఆ మొదటి భాగంలోనే. కాబట్టి "ఎన్నాళ్లు వేసుకోవాలి ఈ విటమిన్, ఐరన్, కాల్షియం మాత్రలు?" అన్న ప్రశ్నకి జవాబు ఒక్కటే, జీవితాంతం.

పరీక్షలు సాధారణంగా మూడో నెల, ఆరో నెల, ఏడాదికి, ఆపైన ఏటా చేయిస్తారు. ఏటా చేయించేదాన్ని ఎండలు ముదరకముందే పెట్టుకుంటే మంచిది. సీబీసీ, ఫెరిటిన్, బీ12, ఫోలేట్, విటమిన్ డి, కాల్షియం, పీటీహెచ్, ఆల్బుమిన్ ఉన్నాయో లేదో చీటీలో చూసుకోండి. హిమోగ్లోబిన్ ఒక్కటే చూసి ఊరుకోవద్దు. ముందు నిల్వలు ఖాళీ అవుతాయి, హిమోగ్లోబిన్ ఆ తర్వాతే పడిపోతుంది. నాది అప్పటికి 11.8. "కొంచెం తక్కువంతే, బీట్‌రూట్ తినండి" అన్నాడు ల్యాబ్‌లో కుర్రాడు.

మాత్రలు ఎగ్గొట్టానా అంటే అదీ లేదు. ఇక్కడే నా తెలివితక్కువతనం చెప్పాలి. పొద్దున్నే ఏడింటికి ఐరన్, కాల్షియం, మల్టీవిటమిన్ అన్నీ ఒక్క పిడికిట్లో తీసుకుని, మొక్కు తీర్చుకున్నట్టు టీతో మింగేసేదాన్ని. ఐరన్‌ని కాల్షియం ఒంటబట్టనివ్వదు, టీ కూడా అంతే. అయిదు నెలల పాటు డబ్బిచ్చి కొన్న ఐరన్‌లో ఎంత ఒంటబట్టిందో దేవుడికే తెలియాలి.

ఇప్పుడు లేవగానే ఆరింటికి ఐరన్, చక్కెర లేని నిమ్మనీళ్లతో. నిమ్మరసంలోని విటమిన్ సి దానికి సాయం. టీ ఏడున్నర దాటాకే. తొమ్మిదింటికి ఒక కాల్షియం. మధ్యాహ్నం భోజనంతో మల్టీవిటమిన్, డి. సాయంత్రం అయిదింటికి రెండో కాల్షియం, రాత్రి మూడోది. కాల్షియం రోజుకి 1200 నుంచి 1500 మిల్లీగ్రాములు కావాలి గానీ ఒక్క విడతకి 500, 600 మించి ఒంటబట్టదు, అందుకే ఇన్ని విడతలు. అందులోనూ సిట్రేట్ రకం అడిగి తీసుకోండి. మామూలుగా దొరికే కార్బొనేట్ కరగాలంటే పొట్టలో ఆమ్లం కావాలి, మనకి అదే కదా తక్కువ. నెలసరి వచ్చే ఆడవాళ్లకి ఐరన్ రోజుకి 45 నుంచి 60 మిల్లీగ్రాములు చెబుతారు. రంగురంగుల గమ్మీలు బాగుంటాయి కానీ చాలావాటిలో ఐరనే ఉండదు, డబ్బా వెనక చదవండి. విటమిన్ డి 60,000 యూనిట్ల సాషే వారానికొకటి అని రాస్తే, బలమే కదా అని రోజూ వేసుకోవద్దు. అది ఒంట్లో పేరుకుపోయి విషమవుతుంది.

ఐరన్‌తో మలబద్ధకం వస్తుంది, వేసవిలో ఇంకా ఎక్కువ. మానేయకుండా డాక్టర్‌కి చెబితే వేరే రకం రాస్తారు. నాకు చివరికి రెండు విడతలుగా నరానికి ఎక్కించారు. పెళ్లిళ్లకి వెళ్లేటప్పుడు నగల కంటే ముందు మాత్రల డబ్బా సర్దుకోండి, కారులో మాత్రం వదిలేయకండి.

ఇక నీళ్లు. మామూలు మనిషి ఎండన పడి వచ్చి చెంబెడు నీళ్లు గటగటా తాగేస్తాడు. మనం తాగలేం. నాలుగు గుక్కలకే గుండెల దగ్గర పట్టేస్తుంది, ఇంకా తాగితే బయటికొచ్చేస్తుంది. అంటే దాహం వేసేదాకా ఆగితే ఆ లోటు ఆ రోజుకి పూడ్చలేం. రోజుకి రెండు లీటర్లు అనుకుంటే, మెలకువగా ఉండే పద్నాలుగు గంటల్లో పావుగంటకి సుమారు 35 మిల్లీలీటర్లు. రెండు మూడు గుక్కలంతే. నేను అర లీటరు సీసాలు నాలుగు పొద్దున్నే నింపి వరసగా పెడతాను. పన్నెండు గంటలకి రెండోది ఖాళీ కాకపోతే మధ్యాహ్నం తలనొప్పి ఖాయం. తినేటప్పుడు తాగకూడదు, తిన్న అరగంట దాకా కూడా. బైపాస్ అయినవాళ్లకి కిడ్నీలో రాళ్ల భయం మామూలు కంటే ఎక్కువ కాబట్టి వాళ్లు నీళ్ల విషయంలో అసలు రాజీ పడకూడదు.

ఓ రోజు నేను వాలిపోయి ఉంటే మా అత్తగారు "కాస్త గ్లూకోజ్ నీళ్లు తాగమ్మా, ఓపికొస్తుంది" అని పెద్ద గ్లాసు కలిపిచ్చారు. కాదనలేక తాగాను. ఇరవై నిమిషాల్లో చెమటలు, కడుపులో మెలికలు, గుండె దడ. దీన్నే డంపింగ్ అంటారు. చక్కెర ఒక్కసారిగా పేగులోకి జారిపోతే వస్తుంది. కొందరికి గంటా రెండు గంటల తర్వాత షుగర్ పడిపోయి కళ్లు తిరుగుతాయి. చెరకు రసం, మామిడి జ్యూస్, రస్నా, సోడాలు అందుకే వద్దు. పల్చటి మజ్జిగలో ఉప్పు, కొబ్బరి నీళ్లు కొద్దికొద్దిగా, తాటి ముంజలు మెల్లగా నమిలి తినడం నాకు పడ్డాయి. మామిడిపండు రెండు ముక్కలు, అదీ భోజనం చివర. అంతకంటే మానుకోమని చెప్పే మనసు నాకూ లేదు. విరేచనాలో, బాగా చెమటలో పట్టి ఓఆర్ఎస్ అవసరమైతే డబ్ల్యూహెచ్ఓ ఫార్ములా అని రాసున్న పొడినే కలుపుకుని కొద్దికొద్దిగా చప్పరించండి. ఓఆర్ఎస్ అని పేరు పెట్టుకుని తీపి పానీయాలు అమ్మేవాళ్లని 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆపింది గానీ, కొనేముందు పొట్లం తిప్పి చూడటం మన పని.

ఎండాకాలం తిండి మనకి ఇంకో ఉచ్చు. ఆకలి ఉండదు, అందరూ పెరుగన్నం, ఆవకాయ, మామిడిపండుతో సరిపెట్టుకుంటారు. మన చిన్న పొట్ట నాలుగు ముద్దల పెరుగన్నంతో నిండిపోతుంది, ప్రొటీన్ మాత్రం పట్టుమని నాలుగైదు గ్రాములు కూడా ఉండదు. కావలసింది రోజుకి 60 నుంచి 80. కంచంలో ముందు ప్రొటీన్, తర్వాత కూర, చోటుంటే అన్నం. నా రోజు లెక్క ఇది: రెండు గుడ్లు 12, వండిన చికెన్ వంద గ్రాములకి పాతిక దాకా, గట్టి పెరుగు చిన్న గిన్నెడు 5, పౌడర్ ఒక స్కూప్ 22. శాకాహారులైతే యాభై గ్రాముల పెసలతో వేసిన పెసరట్టులో 12, పనీర్ డెబ్భై అయిదు గ్రాముల్లో 13, పొడి మీల్‌మేకర్ పాతిక గ్రాముల్లో 13. మజ్జిగని ప్రొటీన్ లెక్కలో వేసుకోకండి, అది నీళ్ల లెక్క. పౌడర్ కలిపిన షేకర్ బ్యాగులో పెట్టుకుని సాయంత్రం దాకా తిరిగితే ఆ ఎండకి పాడైపోతుంది, పొడి విడిగా పట్టుకెళ్లండి.

బీపీ, షుగర్ మాత్రలు వాడేవాళ్లు ఒక సంగతి చూసుకోవాలి. బరువు తగ్గినకొద్దీ ఆ మోతాదులు తగ్గించాల్సి వస్తుంది. తొంభై కిలోల మనిషికి రాసిన బీపీ మాత్ర డెబ్భై కిలోల మనిషి రోహిణి కార్తెలో వేసుకుంటే, అందులోనూ మూత్రం ఎక్కువ వచ్చేలా చేసే రకమైతే, లేచి నిలబడగానే కళ్లు తిరిగి పడిపోవచ్చు. దాన్నీ ఎండదెబ్బే అంటారు. మీ అంతట మీరు ఆపకండి. ఇంట్లో రీడింగులు రాసుకెళ్లి డాక్టర్‌కి చూపించండి.

అన్నిటికంటే భయపడాల్సింది ఆగని వాంతుల గురించి. రెండు మూడు రోజులు వాంతులై ఏమీ నిలవకపోతే, అది వడదెబ్బయినా ఇంకేదైనా, ఇంట్లో కూర్చోవద్దు. బీ1, అంటే థయామిన్, ఒంట్లో రెండు మూడు వారాలకి మించి నిల్వ ఉండదు. అది అయిపోతే నడకలో తూలుడు, చూపు రెండుగా కనిపించడం, మాట తికమక మొదలవుతాయి. ఆలస్యమైతే మెదడుకి శాశ్వతంగా దెబ్బ. మన ఊళ్లలో నీరసమంటే చాలు, వీధి చివర ఆర్ఎంపీ దగ్గరికెళ్లి గ్లూకోజ్ సెలైన్ ఎక్కించుకునే అలవాటుంది. థయామిన్ ఖాళీగా ఉన్నవాళ్లకి, అది ఇవ్వకుండా గ్లూకోజ్ ఎక్కిస్తే ఉన్న కాస్తా అయిపోయి పరిస్థితి ఇంకా విషమిస్తుంది. పెద్దాసుపత్రికే వెళ్లి, సర్జరీ అయిందని ముందే చెప్పాలి.

సర్జరీ అయి మూడు నాలుగేళ్లయినవాళ్లు ఇదంతా కొత్తవాళ్లకేలే అనుకోవద్దు. బీ12 కాలేయంలో ఏళ్ల తరబడి నిల్వ ఉంటుంది కాబట్టి దాని లోపం ఆలస్యంగానే బయటపడుతుంది. మాత్రలు మానేసి "నాకేం కాలేదుగా" అనుకునే రోజులవే. మెట్‌ఫార్మిన్, గ్యాస్ మాత్రలు ఏళ్లుగా వాడుతున్నా, మాంసం గుడ్లు తినకపోయినా ఇంకా త్వరగా వస్తుంది.

నా పర్సులో ఒక అట్టముక్క ఉంటుంది. పర్సు మా ఆయన చేతికిచ్చినా, పక్కింటివాళ్లు తెరిచినా కనిపించేలా తెలుగులో, ఇంగ్లీషులో రాశాను: "స్లీవ్ సర్జరీ అయింది. వాంతులతో వస్తే గ్లూకోజ్ కంటే ముందు థయామిన్ ఇవ్వండి. నొప్పికి బ్రూఫెన్ లాంటివి మా సర్జన్‌ని అడక్కుండా వద్దు." కింద సర్జన్ నంబరు, సర్జరీ తేదీ, వాడుతున్న మాత్రల పేర్లు. చెమటకి తడవకుండా లామినేషన్ చేయించాను, ఇరవై రూపాయలైంది.