వాచీలతో స్నేహం – 4వ పాఠం: నడక పుస్తకం

గత పాఠంలో కీ ఇచ్చే వాచీ, ఆటోమేటిక్, క్వార్ట్జ్ మూడూ లోపల ఎలా వేరో చూశాం. ఈసారి పనంతా ఒక్క వాచీతోనే. కీ ఇచ్చేదైనా, ఆటోమేటిక్ అయినా పర్వాలేదు. గాజు మీద గీతలున్నా, పట్టీ పాతబడినా నడిస్తే చాలు. ఒక చిన్న నోటుపుస్తకం, సెకన్లు చూపించే ఫోను, పన్నెండు రోజుల ఓపిక సిద్ధం చేసుకోండి. వెనక మూత తెరిచే పని ఈ పాఠంలో లేదు.

వాచీలు పోగుచేయడం మొదలుపెట్టినవాళ్లు చాలామంది డయల్ చూసి, పేరు చూసి తీసుకుంటారు. రెండు వారాలకు దాన్ని చూడడం అయిపోతుంది, చూపు ఇంకోదాని మీదికి పోతుంది. అదే వాచీ రాత్రి ఎలా పడుకోబెడితే ఉదయానికి ఎంత ముందుంటుందో తెలిసినవాళ్లకు దానితో రోజూ ఏదో ఒక పని ఉంటుంది. ఈ పరిచయానికి వాచీ ఖరీదుతో సంబంధం లేదు. సాదా వాచీలోనూ బ్యాలెన్స్ చక్రం, అంటే అటూ ఇటూ ఊగుతూ సమయాన్ని కొలిచే చక్రం, అదే పని చేస్తుంది.

తేడా వేరు, నడక వేరు

ఈ క్షణాన మీ వాచీ అసలు సమయానికి ఎంత ముందుందో, ఎంత వెనకుందో అది తేడా. ఆ తేడా ఒక రోజులో ఎంత మారిందో అది నడక. నిన్న ఉదయం 10 సెకన్లు ముందుండి, ఈ ఉదయం 17 ముందుంటే తేడా +17, నడక +7. కొత్తవాళ్లు తడబడేది ఇక్కడే. తేడా పెద్దదిగా కనబడితే వాచీ చెడిందనుకుంటారు. నాలుగు నిమిషాలు ముందున్న వాచీ నడక సున్నా కావచ్చు, ఎవరో అలా తిప్పి పెట్టి ఉంటారంతే.

రోజుకు 86,400 సెకన్లు. గంటకు 21,600 టిక్కులు కొట్టే వాచీ, అంటే సెకనుకు 6, రోజంతా కలిపి 5,18,400 సార్లు కొట్టాలి. అది రోజుకు 7 సెకన్లు ముందుకు పోతోందంటే అన్ని లక్షల్లో ఎక్కువ కొట్టినవి 42 టిక్కులే. పాత కీ వాచీల్లో చాలావాటికి సెకనుకు 5 టిక్కులు, స్విస్ కంపెనీ ఈటీఏ చేసే 2824-2 లాంటి యంత్రాలకు 8. సెకన్ల ముల్లు ఒకదానిలో నెమ్మదిగా గెంతినట్టు, మరోదానిలో జారినట్టు కనబడేది ఈ లెక్క వల్లే.

ఎంత నడక మామూలు? ఎన్నో వాచీల్లో కనిపించే సీకో ఎన్‌హెచ్35 యంత్రానికి తయారీదారు ఒప్పుకునే హద్దు రోజుకు −20 నుంచి +40 సెకన్లు. స్విట్జర్లాండ్‌లో క్రోనోమీటర్ (చాలా కచ్చితంగా నడిచే గడియారం) అనే ధ్రువపత్రానికి వెళ్లే యంత్రాన్ని 15 రోజులపాటు 5 భంగిమల్లో, 3 ఉష్ణోగ్రతల్లో పరీక్షిస్తారు. అక్కడ సగటు −4, +6 మధ్య ఉండాలి. మీ వాచీ ఏ తరగతిదో ముందే తెలిస్తే +15 చూసి కంగారుపడరు.

సరిచూసే గడియారం

ఏదో ఒక్కదాన్నే ఎంచుకుని చివరిదాకా దానినే వాడండి. ఇంటర్నెట్ నుంచి సమయం తీసుకునే ఫోను గడియారం సరిపోతుంది. టీవీలో కనిపించే గడియారం వద్దు. ప్రసారం మనదాకా వచ్చేసరికి కొన్ని సెకన్లు ఆలస్యమవుతుంది, ఆ ఆలస్యం అన్నిచోట్లా ఒకేలా ఉండదు. ఒకరోజు ఫోను, ఒకరోజు కంప్యూటరు చూసి రాస్తే ఆ రెంటి మధ్య తేడా వాచీ ఖాతాలో పడుతుంది.

చదివే పద్ధతి

వాచీని ఫోను పక్కన పెట్టి, తలను సరిగ్గా డయల్ పైకి తెచ్చి చూడండి. పక్కనుంచి చూస్తే ముల్లుకీ గీతకీ మధ్య ఉన్న ఖాళీ వల్ల సెకను అటూ ఇటూ కనబడుతుంది. సెకన్ల ముల్లు 12 మీదికి వచ్చిన క్షణాన ఫోనులో సెకన్లు చదవండి. ఫోను 53 చూపిస్తే వాచీ 7 ముందుంది, +7 అని రాయండి. ఫోను 04 చూపిస్తే వాచీ 4 వెనకుంది, అది −4. గుర్తు తారుమారు చేయడం అందరూ చేసే తప్పే, అందుకే మొదటి వారం "ముందు", "వెనక" అని మాటల్లో కూడా రాసుకోండి. నిమిషాల ముల్లును కూడా చూడాలి. లేకపోతే +55ని −5గా రాసుకుని వారమంతా లెక్క తప్పుతారు.

ఇంకా సులువైన దారి, వాచీ డయల్, ఫోను తెర రెండూ పడేలా వేరే ఫోనుతో ఫొటో తీయడం. తీరిగ్గా చదువుకోవచ్చు, గుర్తులో పొరపాటు వస్తే వెనక్కి వెళ్లి చూసుకోవచ్చు.

క్రౌన్ లాగితే, అంటే కీ తిప్పే బొడిపెను బయటికి లాగితే, కొన్ని వాచీల్లో సెకన్ల ముల్లు ఆగుతుంది. సీకో 7ఎస్26 లాంటి పాత యంత్రాల్లో ఆగదు. ఆగకపోతే ఇబ్బంది లేదు. మొదటిరోజు సరిగ్గా సున్నాకు పెట్టాల్సిన అవసరమే లేదు, మనకు కావలసింది ఒకరోజుకూ ఇంకోరోజుకూ మధ్య మార్పే.

మొదటి ఏడు రోజులు

కీ వాచీ అయితే రోజూ ఒకే వేళకు, ఉదయమే, పూర్తిగా కీ ఇవ్వండి. ఇక తిరగనని గట్టిగా అడ్డుకున్నచోట ఆపాలి, ఆ పైన అర చుట్టు కూడా వద్దు. పూర్తిగా ఆగిపోయిన ఆటోమేటిక్‌ను, క్రౌన్‌తో కీ ఇవ్వగలిగినదైతే 30 చుట్లు తిప్పి మొదలుపెట్టండి. దానికి అడ్డు తగలదు, నిండాక, కీ బలాన్ని దాచుకునే స్ప్రింగు చివర లోపల జారిపోతుంది. తారీఖు ఉన్న వాచీకి రాత్రి 9 నుంచి తెల్లవారుజామున 3 దాకా తారీఖును క్రౌన్‌తో మార్చకండి. ఆ వేళ తారీఖు పళ్లచక్రం యంత్రంతో పెనవేసుకుని ఉంటుంది, బలవంతం చేస్తే పన్ను విరుగుతుంది.

ఇక రోజూ ఒకే గంటకు చదివి రాయడమే. రాత్రి వాచీని ఎలా పెడతారో ఆ వారమంతా అలాగే పెట్టండి, డయల్ పైకి ఉంచడం మేలు. ఒక పేజీ ఇలా ఉంటుంది:

సోమ, 7:00 – 0
మంగళ – +7 (నడక +7)
బుధ – +15 (+8)
గురు – +22 (+7)
శుక్ర – +28 (+6)
శని – +37 (+9)
ఆది – +44 (+7)
సోమ – +51 (+7)

51ని 7తో భాగిస్తే సగటు నడక +7 కంటే కాస్త ఎక్కువ. ఒకరోజు చదవడం కుదరక రెండు గంటలు ఆలస్యమైతే ఆ 26 గంటల మార్పును 24తో హెచ్చించి 26తో భాగించండి. కంటితో చదివేటప్పుడు అర సెకను పొరపాటు సహజం. ఒక్కరోజు లెక్కలో మొదట, చివర కలిపి అది సెకను దాకా పోతుంది. ఏడు రోజుల సగటులో అదే సెకను ఏడో వంతు అవుతుంది. అందుకే వారం రాయమనేది.

ఇప్పుడు ఇంకో వాచీ అనుకోండి. దాని నడక వరసగా +2, −9, +7, −4, +11, −6, +1. వారం చివర తేడా +2 మాత్రమే. చూడ్డానికి ఇదే మంచి వాచీలా ఉంది. కానీ రేపు ఉదయం ఇది ఎక్కడుంటుందో మీరు చెప్పలేరు. మొదటిది రేపు ఉదయం +58 దగ్గర, సెకనో రెండో అటూ ఇటూగా ఉంటుందని చెప్పవచ్చు. మొదటిదే మంచి వాచీ. సగటును సున్నా వైపు జరపడం చిన్నపని, రోజుకో తీరుగా నడిచేదాన్ని దారిలో పెట్టాలంటే యంత్రం మొత్తం విప్పాలి.

ఓడల్లో క్రోనోమీటర్లను నమ్మింది ఈ లెక్క మీదే. ప్రయాణం మధ్యలో వాటి ముళ్లు తిప్పేవారు కాదు, ముందే తెలిసిన నడకను కలుపుకునో తీసేసుకునో చదివేవారు. జాన్ హారిసన్ చేసిన హెచ్4 అనే సముద్ర గడియారం 1761లో జమైకా పరీక్షకు బయల్దేరింది. దాని రోజువారీ నడకను సరిచేసి చూస్తే 81 రోజులకు తేలిన పొరపాటు సుమారు 5 సెకన్లు. మీ నోటుపుస్తకంలో చేస్తున్నది కూడా అదే లెక్క.

తర్వాతి ఐదు రోజులు: భంగిమలు

వాచీని చేతి నుంచి తీసి ఒక్కో భంగిమలో 24 గంటలు ఉంచండి: డయల్ పైకి, డయల్ కిందికి, క్రౌన్ పైకి, క్రౌన్ కిందికి, క్రౌన్ ఎడమకి. నిలబెట్టడానికి కప్పుకు ఆనించినా, రెండు పుస్తకాల మధ్య మెత్తటి గుడ్డలో పెట్టినా సరే. డయల్ కిందికి పెట్టేటప్పుడు కింద గుడ్డ తప్పనిసరి. ప్రతిరోజూ మార్చేముందు పూర్తిగా కీ ఇవ్వాలి, స్ప్రింగు సడలేకొద్దీ కూడా నడక మారుతుంది కనుక. కీ తీసుకోని ఆటోమేటిక్ అయితే ప్రతి పరీక్షకూ ముందు పగలంతా చేతికి పెట్టుకోండి, భంగిమకు ఒక రాత్రి చొప్పున మూడు రాత్రులు చూసి సగటు తీయండి. 8 గంటల మార్పును మూడుతో హెచ్చించేటప్పుడు చదవడంలో చేసిన పొరపాటు కూడా మూడింతలవుతుంది, అందుకే ఒక్క రాత్రి చాలదు.

నడక భంగిమతో ఎందుకు మారుతుంది? వాచీ పడుకుని ఉన్నప్పుడు బ్యాలెన్స్ చక్రం ఇరుసు, బొంగరం మొన మీద నిలబడ్డట్టు, ఒక కొస మీద తిరుగుతుంది. రాపిడి తక్కువ, ఊపు ఎక్కువ. నిలబెట్టినప్పుడు ఇరుసు పక్కభాగాలు దాన్ని పట్టి ఉంచే చిన్న రాళ్లకు రాసుకుంటాయి, ఊపు తగ్గుతుంది. పైగా చక్రంలో ఒకవైపు రవ్వంత బరువు ఎక్కువుంటే పడుకున్నప్పుడు దాని ప్రభావం ఉండదు. నిలబెట్టగానే భూమ్యాకర్షణ ఆ బరువును లాగుతుంది, బరువు ఎటువైపుంటే దాన్నిబట్టి ముందుకో వెనక్కో. జేబులో ఎప్పుడూ నిలువుగా ఉండే గడియారాల్లో ఈ తేడాలు ఒకదాన్నొకటి కొట్టేసుకోవాలనే గడియారాల నిపుణుడు బ్రెగె 1801లో, బ్యాలెన్స్ చక్రాన్ని దాని చట్రంతో సహా తిప్పే టూర్బియాన్ అనే అమరికకు పేటెంటు తీసుకున్నాడు.

ఎడమచేతికి వాచీ పెట్టుకుని చేయి వేలాడేసి నడిస్తే క్రౌన్ కిందికి ఉంటుంది. బల్ల ముందు రాసుకుంటుంటే ఎక్కువసేపు డయల్ పైకి ఉంటుంది. కాబట్టి రోజంతా తిరిగే మనిషి చేతిలో, కూర్చుని పనిచేసే మనిషి చేతిలో ఒకే వాచీ వేరుగా నడవడం వింతేమీ కాదు.

ఐదు రోజులయ్యాక మన వాచీకి ఇలా వచ్చిందనుకుందాం: డయల్ పైకి +12, డయల్ కిందికి +10, క్రౌన్ కిందికి +2, క్రౌన్ ఎడమకి −2, క్రౌన్ పైకి −9. రాత్రి 8 గంటలు డయల్ పైకి పెడుతున్నాం, అంటే 12లో మూడో వంతు, +4. వారం సగటు +7 కనుక చేతికి ఉన్న 16 గంటల్లో వచ్చింది +3. ఇప్పుడు రాత్రి క్రౌన్ పైకి నిలబెడితే 9లో మూడో వంతు, −3. పగటి +3 రాత్రి −3తో పోతుంది. మూత తెరవకుండా, ఏదీ తాకకుండా వాచీ సున్నాకు వచ్చింది! ఇది మొదటిసారి పనిచేసిన ఉదయం కలిగే సంతోషం కొత్త వాచీ కొన్నప్పటి సంతోషానికి తక్కువేం కాదు.

అన్ని భంగిమల్లోనూ వెనకబడే వాచీకి ఈ ఉపాయం చాలదు. ముందుకు పోయేదైతే, ముల్లు ఆగే రకమే అయితే, వారానికోసారి క్రౌన్ లాగి, ఎన్ని సెకన్లు ముందుందో అన్ని సెకన్లు ఆగి తిరిగి నొక్కితే సరిపోతుంది.

పుస్తకం చెప్పే జబ్బులు

నిన్నటిదాకా +7 ఉన్నది ఒక్కసారిగా నిమిషాల్లో ముందుకు పోతే ముందుగా అయస్కాంతాన్ని అనుమానించండి. హెయిర్ స్ప్రింగు, అంటే బ్యాలెన్స్ చక్రాన్ని ఊపే సన్నటి స్ప్రింగు, దాని చుట్లు ఒకదానికొకటి అతుక్కుంటే స్ప్రింగు పొట్టిదైనట్టే, పొట్టి స్ప్రింగు తొందరగా ఊగుతుంది. స్పీకర్లు, ట్యాబ్ కవర్లు, సంచుల అయస్కాంతపు గుండీలు మామూలు కారణాలు. సూదితో ఉండే చిన్న దిక్సూచి దగ్గరికి వాచీని నెమ్మదిగా తెచ్చి చూడండి, సూది గట్టిగా తిరిగితే అదే జబ్బు. అయస్కాంతం తీసే పరికరంతో నిమిషంలో పోతుంది, యంత్రం విప్పనక్కర్లేదు.

నడక నెలల తరబడి మెల్లగా మారుతూ, పూర్తి కీ మీద ముందు 40 గంటలు నడిచింది ఇప్పుడు 28కే ఆగుతుంటే నూనె ఎండింది. అప్పుడు నడక సరిచేయించడం దండగ, శుభ్రం చేయించి నూనె వేయించాలి. ఎండిన నూనెతో నడిపిస్తే ఇరుసులు అరుగుతాయి. రోజూ అర్ధరాత్రి చుట్టుపక్కలే ఆగే వాచీలో తారీఖు మార్చే బరువును మోయలేకపోతోందేమో చూడాలి. ఎప్పుడూ ఒకే చోట ముళ్లు దాటుకునే వేళకు ఆగితే ఒక ముల్లు ఇంకోదానికి తగులుతోంది. ఆటోమేటిక్ సెలవురోజుల తర్వాతే వెనకబడుతుంటే జబ్బు కాదు, చేయి కదలక స్ప్రింగు నిండలేదు.

పడిన తర్వాత, నీళ్లు తగిలిన తర్వాత, సర్వీసు తర్వాత కొత్త పేజీ మొదలుపెట్టి తారీఖు వేయండి. పాత సగటులో కొత్త అంకెలు కలపవద్దు.

అభ్యాసం

1. పైన చెప్పిన పన్నెండు రోజులు పూర్తిచేసి, వారపు సగటు, రోజువారీ నడకల్లో పెద్దదానికీ చిన్నదానికీ మధ్య దూరం, ఐదు భంగిమల అంకెలు ఒకే పేజీలో రాయండి.
2. ఆ అంకెలతో మీ రాత్రి భంగిమను లెక్కగట్టి ఎంచుకోండి. ఇంకో మూడు రాత్రులు అలాగే ఉంచి, లెక్కకీ వాచీకీ ఎంత కుదిరిందో చూడండి. రెండు సెకన్లకు మించి తేడా వస్తే మీరు చేతికి పెట్టుకునే గంటలు 16 కావేమో సరిచూసుకోండి.
3. కీ వాచీ ఉన్నవాళ్లు పూర్తిగా కీ ఇచ్చి, డయల్ పైకి పెట్టి, ఆగేదాకా వదిలేయండి. మొదటి 12 గంటల నడక, తర్వాతి 12 గంటల నడక విడిగా రాయండి. ఆగిన గంట కూడా రాయండి.

మూడో అభ్యాసం అంకెలు 5వ పాఠానికి కావాలి. అందులో ఫోను మైకుతో టిక్కులు విని, బ్యాలెన్స్ చక్రం ఎన్ని డిగ్రీలు ఊగుతోందో కొలుస్తాం.