ఆఫర్ వచ్చింది, నిద్ర పోయింది: ఎక్కడ తేడా కొడుతోంది?

సమస్య: డ్యూటీ ఆరింటికే అయిపోతుంది, ఇంటికి చేరేసరికి తొమ్మిదిన్నర

నేను నెల్లూరు నుంచి కృష్ణపట్నం వైపు ఒక ప్లాంటుకి వెళ్లేవాణ్ణి. ఇక నా వల్ల కాదని రాజీనామా మెయిల్ కూడా టైపు చేసి పెట్టుకున్నా. పంపేముందు రెండు వారాలు వంటగదిలో క్యాలెండర్ మీద ఇల్లు వదిలిన టైమూ, తిరిగి గడప తొక్కిన టైమూ రాశాను. దొంగ దొరికాడు: కంపెనీ బస్సు. ప్యాకింగ్‌లో ఓటీ (ఓవర్‌టైమ్) చేసేవాళ్లు వచ్చేదాకా కదలదు, కదిలాక ప్రతి స్టాపులోనూ ఆగుతుంది. నేనూ ఇంకొకతనూ వంతులేసుకుని బండి తీయడం మొదలుపెట్టాక ఏడుంబావుకల్లా ఇంట్లో ఉన్నాం.

కారణం బస్సైతే బండి చాలు. పని పంచే మనిషైతే ముందు వేరే సెక్షన్ అడగండి. రెండూ కాకపోతేనే కొత్త ఉద్యోగం వెతకండి.

సమస్య: చెన్నై ఆఫర్ లక్షా ఇరవై వేలు ఎక్కువ, అయినా మిగిలేలా లేదు

కారణం సీటీసీ, అంటే మీ మీద కంపెనీ ఏడాదికి పెట్టే మొత్తం ఖర్చు. చేతికొచ్చే జీతం కాదు. ఇప్పుడు మీది 4,80,000 అనుకుందాం, అంటే నెలకి 40,000. బేసిక్ (మూల జీతం) 20,000, పీఎఫ్ 15,000 పరిమితి మీదే కడుతున్నారు. ఆ 40,000లోంచి పీఎఫ్‌కి కంపెనీ వాటా 1,800, గ్రాట్యుటీ (ఏళ్లు పనిచేసి మానేసేటప్పుడు ఇచ్చే డబ్బు) పేరుతో బేసిక్‌లో 4.81 శాతం అంటే 962, మీ వాటా 1,800, వృత్తి పన్ను 200 తీసేస్తే చేతికొచ్చేది 35,238.

కొత్తది 6,00,000, నెలకి 50,000. బేసిక్ 25,000, పీఎఫ్ పూర్తి బేసిక్ మీద. కంపెనీ వాటా 3,000, గ్రాట్యుటీ 1,202, ఏడాది చివర ఇస్తే ఇస్తారు లేకపోతే లేదనే ‘వేరియబుల్’ 5,000, మీ వాటా 3,000, వృత్తి పన్ను ఓ 200. మిగిలేది 37,600కి రెండు రూపాయలు తక్కువ. తేడా 2,360. చెన్నైలో రూము అద్దెకి అది ఏ మూలకి? పీఎఫ్ మన డబ్బే, కాదనను. కానీ పాలవాడికి పీఎఫ్ చూపించలేం కదా.

అందుకే సీటీసీ చెప్పగానే తల ఊపకుండా జీతం విడివిడిగా రాసిన కాగితం అడగండి. చేతికొచ్చేదాన్ని, ఇల్లు వదిలి ఇల్లు చేరే గంటలతో భాగించండి. నేను పోల్చి చూసేది ఆ ఒక్క అంకెనే.

సమస్య: ‘వారానికి ఐదు రోజులే’ అంటున్నారు, నమ్మాలా?

ఇంటర్వ్యూ చేసేవాడు ఇంకేం చెప్తాడు? శనివారం సాయంత్రం ఏడున్నరకి గేటు ఎదుట టీ కొట్టు దగ్గర నిలబడండి. పార్కింగ్‌లో బళ్లు కనిపిస్తే మీకు జవాబు దొరికినట్టే. వారానికి 48 గంటలు దాటితే కార్మికులకి రెట్టింపు ఓటీ ఇవ్వాలని చట్టం. హోదాకి ‘ఎగ్జిక్యూటివ్’ అని తగిలించి దాన్ని ఎగ్గొట్టేవాళ్లూ ఉన్నారు. వీక్లీ ఆఫ్, షిఫ్టు వేళలు ఆఫర్ లెటర్‌లోకి ఎక్కించమనండి.

మా ఊళ్లో, కోరికకో రొట్టె పట్టుకునే రొట్టెల పండక్కి స్వర్ణాల చెరువు దగ్గర ఉద్యోగం రొట్టెకి జనం ఎగబడతారు. పెందలాడే ఇల్లు చేరే ఉద్యోగానికి వేరే రొట్టె ఉంటే ముందు వరసలో నేనే ఉంటా.

సమస్య: కొత్తవాళ్లు నెలలో రమ్మంటారు, పాతవాళ్లు మూడు నెలలు కదలనివ్వరు

అపాయింట్‌మెంట్ లెటర్‌లో నోటీసు పీరియడ్ చదవకపోవడమే కారణం. చేతికి ఆఫర్ లెటర్ రాకుండా, ఫోన్లో ‘కన్ఫర్మ్’ అన్నారని రాజీనామా పెట్టొద్దు. నోటీసు పూర్తికాకుండా వెళ్లడానికి డబ్బు కట్టాల్సొస్తే ఎవరు కడతారో ముందే తేల్చుకోండి. నాలుగున్నరేళ్లు దాటి ఉంటే ఇంకో ఆరు నెలలు ఆగడం గురించి ఆలోచించండి. పర్మనెంట్ వాళ్లకి మామూలుగా ఐదేళ్లు నిండితేనే గ్రాట్యుటీ.

సమస్య: మారాక పీఎఫ్ ట్రాన్స్‌ఫర్ అవట్లేదు

మనవాళ్లకి ఎక్కువగా వచ్చే చిక్కు ఇంటిపేరుతోనే. ఆధార్‌లో ముందుంటుంది, పీఎఫ్‌లో వెనక్కి పోతుంది, లేదా ఒక్క అక్షరమై కూర్చుంటుంది. విసిగిపోయి డబ్బు తీసేసుకోకండి, ఐదేళ్ల సర్వీసు నిండకపోతే పన్ను పడుతుంది. పాత కంపెనీలో ఉండగానే, హెచ్ఆర్ ఇంకా మీ ఫోన్ ఎత్తుతున్నప్పుడే, పేరు సరిచేయించుకోండి.